ఆర్మీ ఫీల్డ్ ఇంటెలిజెన్స్: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌సీసీ పిల్లలు, అగ్నివీర్ కోసం తెల్లవారుజామునే గ్రౌండ్‌లో పరుగులు తీసే కుర్రాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలివి. సినిమాల్లో చూసిన గూఢచారి ఒకడు అందరి బుర్రల్లోనూ ఉంటాడు కాబట్టి ప్రశ్నలు కూడా అక్కణ్ణుంచే మొదలవుతాయి. ఇక్కడ చెప్పినవన్నీ ఇదివరకే అచ్చయి అందరికీ అందుబాటులో ఉన్న విషయాలు. రహస్యాల కోసం వచ్చినవాళ్లకు నిరాశ తప్పదు.

ఫీల్డ్ ఇంటెలిజెన్స్ అంటే గూఢచర్యమేనా?

అందులో గూఢచర్యం ఒక చిన్న భాగం. యుద్ధరంగంలో ఉన్న కమాండర్‌కు కావాల్సిన జవాబులు చాలా మామూలుగా ఉంటాయి. ఆ గుట్ట వెనక ఎంతమంది ఉన్నారు? వాళ్ల దగ్గర ఫిరంగులున్నాయా? ఈ వాగు మీదుగా ట్యాంకు దాటుతుందా? వాళ్లకు తిండి, మందుగుండు ఏ దారిన వస్తోంది? ఈ జవాబులు తెచ్చేది ఎక్కువగా యూనిఫాం వేసుకున్న సైనికులే. రాత్రిళ్లు గస్తీ తిరిగేవాళ్లు, కొండ మీద బైనాక్యులర్స్‌తో రోజంతా కూర్చునేవాళ్లు, శత్రువు వైర్‌లెస్ మాటలు వినేవాళ్లు, పట్టుబడ్డ ఖైదీతో మాట్లాడేవాళ్లు, చనిపోయిన సైనికుడి జేబులో దొరికిన ఉత్తరాన్ని చదివేవాళ్లు. వీళ్లందరూ తెచ్చింది ఒకచోట పెట్టి, మ్యాప్ మీద గుర్తులు వేసి, అర్థం చెప్పేవాళ్లు ఇంకొందరు. ఆ చివరి పని టేబుల్ దగ్గర కూర్చుని చేసేది. సినిమాకు పనికిరాదు గానీ యుద్ధానికి అదే ముఖ్యం.

సమాచారం, ఇంటెలిజెన్స్ రెండూ ఒకటి కాదా?

కాదు. తిరుమల కొండెక్కే ముందు మనం చేసేదే చూడండి. బస్టాండులో ఆటో అన్న "రద్దీ లేదు సార్, ఆరు గంటల్లో దర్శనం అయిపోతుంది" అంటాడు. అప్పుడే కొండ దిగొచ్చిన పెద్దమ్మ "పన్నెండు గంటలు కూర్చున్నాం నాయనా" అంటుంది. టీవీ కింద "31 కంపార్ట్‌మెంట్లూ నిండాయి" అని స్క్రోలింగ్ పోతుంటుంది. మూడూ సమాచారమే. ఆటో అన్నకు గిరాకీ కావాలి. పెద్దమ్మ చెప్పేది రాత్రి సంగతి. టీవీ లెక్క ఎన్ని గంటలప్పటిదో తెలియదు. వీటన్నిటినీ బేరీజు వేసి, రేపు శనివారమని గుర్తు పెట్టుకుని, ఈ రాత్రే బయల్దేరాలా వద్దా అని ఇంటి పెద్ద తేల్చుకునేలా ఒక్క మాట చెప్పగలిగితే అది ఇంటెలిజెన్స్.

సైన్యాల్లో ఈ బేరీజుకు ఒక పద్ధతి ఉంది. బ్రిటిష్, నాటో సైన్యాలు వాడేదాంట్లో చెప్పినవాడికి ఏ నుంచి ఎఫ్ వరకు ఒక అక్షరం, చెప్పిన సంగతికి 1 నుంచి 6 వరకు ఒక అంకె ఇస్తారు. రెండూ విడివిడిగా ఇవ్వడంలోనే తెలివంతా ఉంది. నమ్మకస్తుడు కూడా పొరబడొచ్చు, అబద్ధాలకోరు కూడా ఒక్కోసారి నిజం చెప్పొచ్చు. ఎఫ్6 అని రాస్తే అబద్ధమని అర్థం కాదు, తేల్చడానికి ఆధారం లేదని మాత్రమే.

ఐబీ, రా, మిలిటరీ ఇంటెలిజెన్స్... ఎవరు ఏం చేస్తారు?

ఐబీ (ఇంటెలిజెన్స్ బ్యూరో) దేశం లోపల, రా (రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్) దేశం బయట నిఘా చూస్తాయి. రా 1968 సెప్టెంబరు 21న పుట్టింది, తొలి అధిపతి ఆర్.ఎన్. కావ్. ఈ రెండూ సైన్యం కిందికి రావు. మిలిటరీ ఇంటెలిజెన్స్ ఆర్మీ సొంత విభాగం. నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కు వాటి ఇంటెలిజెన్స్ వాటికి వేరుగా ఉంది. మూడు దళాల పనినీ కలిపి చూడటానికి 2002లో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ పెట్టారు. శత్రువు ఎలక్ట్రానిక్ సంకేతాల వంటి సాంకేతిక నిఘాకు 2004 నుంచి ఎన్‌టీఆర్‌ఓ (నేషనల్ టెక్నికల్ రీసెర్చ్ ఆర్గనైజేషన్) ఉంది. పోటీ పరీక్షలకు ఇంత చాలు.

సైన్యంలో దీనికి ప్రత్యేకంగా ఒక కోర్ (ఒకే రకం పనికి శిక్షణ పొందిన దళం) ఎప్పుడు ఏర్పడింది?

వేగులు లేని రాజు ఏ కాలంలోనూ లేడు. ఈ పనికే శిక్షణ ఇచ్చి, పదోన్నతులిచ్చి, జీతంతో నిలబెట్టుకునే దళం మాత్రం కొత్తది. అమెరికా అంతర్యుద్ధంలో 1863లో జార్జ్ షార్ప్ అనే అధికారి కింద ఒక సమాచార కార్యాలయం నడిచింది. ఖైదీల మాటలు, పారిపోయి వచ్చినవాళ్ల మాటలు, వేగుల నివేదికలు అన్నీ ఒకేచోట కలిపి చూడటం అక్కడ బాగా సాగింది. యుద్ధం ముగిశాక అది కనుమరుగైంది. దక్షిణాఫ్రికాలో డచ్ సంతతివాళ్లైన బోయర్లు గెరిల్లా పోరుతో ముప్పుతిప్పలు పెట్టినప్పుడు బ్రిటిష్ సైన్యం ఫీల్డ్ ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌ను పెంచుకుంది. దాన్ని నడిపిన డేవిడ్ హెండర్సన్ తర్వాత ఆ అనుభవాన్ని పాఠాలుగా రాసిపెట్టాడు.

1914 ఆగస్టులో, మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే, బ్రిటన్ ఇంటెలిజెన్స్ కోర్‌ను హడావిడిగా ఏర్పాటు చేసింది. భాషలు తెలిసినవాళ్లను, మోటార్‌సైకిల్ నడపగలిగినవాళ్లను పోగేసింది. 1929లో మూసేసింది. 1940 జులైలో, ఫ్రాన్స్ చేజారాక, మళ్లీ తెరిచింది. 1985 నాటికి గానీ దాన్ని పోరాట దళాలతో సమానంగా గుర్తించలేదు.

శాంతికాలంలో బడ్జెట్ కోత పడితే మొదట పోయేది ఇదే. ట్యాంకును పరేడ్‌లో చూపించొచ్చు. పదేళ్లుగా ఒకే లోయను గమనిస్తూ అక్కడ ఏది మామూలో, ఏది కాదో తెలిసిన సుబేదార్‌ను ఏ పరేడ్‌లో చూపిస్తారు?

మన దేశంలో?

భారత సైన్యపు ఇంటెలిజెన్స్ కోర్ తన ఆవిర్భావ దినాన్ని నవంబరు 1న జరుపుకుంటుంది. సంవత్సరం 1942. అప్పటికి జపాన్ సైన్యం బర్మా దాదాపు మొత్తం ఆక్రమించి మన ఈశాన్య గడప దాకా వచ్చేసింది. శిక్షణ కేంద్రం మొదట కరాచీలో ఉండేది, ఇప్పుడు పుణెలో ఉంది.

అదే 1942లో అస్సాం, బర్మా సరిహద్దులో 'వి ఫోర్స్' అనే దళం పెట్టారు. నాగా, కుకీ వంటి కొండజాతుల వాళ్లే దానికి కళ్లు, చెవులు. జపాన్ వాళ్లు ఏ కాలిబాటలో వస్తున్నారో అడవిలో పుట్టి పెరిగినవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఇంకోవైపు ఢిల్లీలో వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్ అనే అమాయకమైన పేరుతో జపాన్ రహస్య సంకేతాలను విప్పే పని నడిచింది. కొండబాటలో చెప్పుల్లేకుండా నడిచే మనిషి, ఢిల్లీలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి. ఈ రెండు రకాల పనీ ఇప్పటికీ సాగుతూనే ఉంది, పరికరాలు మారాయంతే.

మన చిత్తూరు చరిత్రలో ఇలాంటిదేమైనా ఉందా?

ఉంది, అదీ మామూలుది కాదు. ఈ పేజీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే.

1780లో మైసూరు పాలకుడు హైదర్ అలీ ఆర్కాటు నవాబు ఏలే కర్ణాటక ప్రాంతం (ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు) మీదికి దండెత్తాడు. ఆ ఏడాది సెప్టెంబరులో కంచికి దగ్గర్లోని పొల్లిలూరులో ఇంగ్లీషు కల్నల్ బెయిలీ దళం హైదర్, టిప్పుల చేతిలో తుడిచిపెట్టుకుపోయింది. యుద్ధం ఇంకా సాగుతుండగానే హైదర్‌కు వీపు మీద రాచపుండు లేచింది. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో కన్నుమూశాడు. వారసుడు టిప్పు అప్పుడు ఎక్కడో మలబారు తీరాన ఇంగ్లీషువాళ్లతో పోరాడుతున్నాడు. రాజు లేడని తెలిస్తే సైన్యం చెదిరిపోతుంది, లేదా ఇంకొకరిని గద్దెనెక్కిస్తుంది. ఇంగ్లీషువాళ్లకు తెలిస్తే మద్రాసు నుంచి వచ్చి మీద పడతారు.

పూర్ణయ్య, కృష్ణారావు అనే మంత్రులు కబురును తొక్కిపట్టారు. హైదర్‌కు ఒంట్లో బాగాలేదని మాత్రమే బయటికి చెప్పించారు. శవాన్ని పెట్టెలో పెట్టి, విలువైన సొత్తు తరలిస్తున్నట్టుగా కాపలా ఇచ్చి కోలారు వైపు పంపేశారు. టిప్పుకు వేగంగా మనుషులను పరుగెత్తించారు. శిబిరంలోనే కొందరు హైదర్ చిన్న కొడుకును గద్దెనెక్కించాలని కుట్ర పన్నితే దాన్నీ అణిచేశారు. కొద్ది వారాల్లో టిప్పు వచ్చి సైన్యాన్ని చేతిలోకి తీసుకున్నాడు, ఒక్క దళం కూడా చెదరలేదు. మన సమాచారం శత్రువుకు చేరకుండా ఆపడం ఫీల్డ్ ఇంటెలిజెన్స్‌లో సగం పని. దాన్ని ఇంతకన్నా బాగా చేసిన ఉదాహరణలు చరిత్రలో తక్కువ.

అసలు కథ ఆ తర్వాత ఉంది. ఎంత దాచినా కబురు కొద్ది రోజుల్లోనే మద్రాసుకు చేరింది. గవర్నర్ మెకార్ట్నీ వెంటనే కదలమని సేనాని జనరల్ స్టువర్ట్‌ను తొందరపెట్టాడు. స్టువర్ట్ కదల్లేదు. ముందు హైదర్ చచ్చాడంటే నమ్మలేదు, ఆపైన సైన్యం సిద్ధంగా లేదన్నాడు. గవర్నరుకూ ఆయనకూ మొదటినుంచీ పడేది కాదు. మరుసటి ఏడాది గవర్నరే ఆయన్ను పదవి నుంచి తీసేసి, నిర్బంధించి ఇంగ్లండుకు పంపాడు. అప్పటికి టిప్పు స్థిరపడిపోయాడు.

వేగులు తమ పని చేశారు. సమాచారం సరైనదే, సమయానికే వచ్చింది. దాన్ని నమ్మి అడుగు వేయాల్సినవాడు వేయలేదు. పేపర్లలో 'నిఘా వైఫల్యం' అని చదివినప్పుడల్లా ఒకటి అడిగి చూడండి: ఎవరూ చూడలేదా, చూసినవాడి మాట పైకి పోలేదా, పోయినా పైవాడు పట్టించుకోలేదా? నేను చదివినంతలో మొదటిది చాలా అరుదు.

మరి కార్గిల్ సంగతేంటి? పాకిస్తాన్ వాళ్లు అంతమంది కొండలెక్కి కూర్చుంటే ఎవరికీ తెలియలేదా?

మొదట చూసింది ఒక గొర్రెల కాపరి. 1999 మే 3న తాషీ నామ్‌గ్యాల్ అనే ఆయన తప్పిపోయిన జడల బర్రెను వెతుక్కుంటూ పోయి, కొండ మీద రాళ్లు తవ్వుతున్న కొత్త మనుషులను చూసి సైన్యానికి చెప్పాడు. చిత్రమేమంటే 1965లోనూ ఇలాగే జరిగింది. ఆగస్టు 5న కశ్మీర్‌లో చొరబాటుదారులు మహమ్మద్ దీన్ అనే పశువుల కాపరి కుర్రాడికి డబ్బు చూపించి దారి చెప్పమన్నారు. అతను నేరుగా పోలీసుల దగ్గరికి పోయాడు.

కార్గిల్ తర్వాత కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన వేసిన సమీక్షా కమిటీ రిపోర్టులో ఒక వివరం ఉంది. 1998 జూన్‌లోనే ఐబీ సరిహద్దు అవతల కదలికల గురించి ఒక నోట్ పంపింది. అది ప్రధాని మొదలుకొని చాలామందికి వెళ్లింది. వెళ్లాల్సిన ముగ్గురికి మాత్రం వెళ్లలేదు: రా అధిపతికి, జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్‌కు, మిలిటరీ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ జనరల్‌కు. ముక్కలు వేర్వేరు ఆఫీసుల్లో పడి ఉన్నాయి, కలిపి చూసే టేబుల్ లేదు. చలికాలంలో పోస్టులు ఖాళీ చేయడం, ఎవరూ అంత ఎత్తున చలికాలంలో రారనే ధీమా దానికి తోడయ్యాయి. డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ పుట్టింది ఈ లోటు పూడ్చడానికే.

యుద్ధం నడుస్తుండగా మన వాళ్లు బాగా చేసిన పని కూడా ఒకటుంది. బీజింగ్‌లో ఉన్న అప్పటి పాకిస్తాన్ సైన్యాధిపతి ముషారఫ్‌కూ, రావల్పిండిలో ఉన్న లెఫ్టినెంట్ జనరల్ అజీజ్‌కూ మధ్య ఫోన్ సంభాషణను రికార్డు చేశారు. దాన్ని జూన్ 11న ప్రపంచానికి వినిపించారు. కొండ మీద ఉన్నది ముజాహిదీన్లే, తమ సైన్యం కాదు అన్న పాకిస్తాన్ మాట దాంతో వీగిపోయింది.

ఒక బెటాలియన్‌లో ఈ పని ఎవరు చేస్తారు?

బెటాలియన్‌లో ఒక ఇంటెలిజెన్స్ ఆఫీసర్, ఆయన కింద చిన్న సెక్షన్ ఉంటాయి. వాళ్లు ఇంటెలిజెన్స్ కోర్ వాళ్లే కానక్కర్లేదు, అదే బెటాలియన్ సైనికులు. పైకి పోయేకొద్దీ, బ్రిగేడ్, డివిజన్, కోర్ అనే అంతకంతకూ పెద్ద దళాల స్థాయిల్లో ఈ పనికే శిక్షణ పొందినవాళ్లు ఎక్కువవుతారు. మన సైన్యంలోకి చొరబడే గూఢచారులను పట్టుకునే యూనిట్లు వేరు. ఫిరంగిదళానికి దాని సొంత కళ్లున్నాయి. మన దేశంలో తయారైన స్వాతి రాడార్ గాల్లో వచ్చే గుండు దారిని పట్టి, అది ఎక్కడి నుంచి పేలిందో లెక్కకట్టి చెబుతుంది.

గస్తీ విలువ తెలియాలంటే లోంగేవాలా చాలు. 1971 డిసెంబరు 4 రాత్రి రాజస్థాన్ ఎడారిలో సరిహద్దు దగ్గర గస్తీలో ఉన్న లెఫ్టినెంట్ ధరమ్‌వీర్ బృందానికి ట్యాంకుల చప్పుడు వినిపించింది. వెంటనే మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురికి వైర్‌లెస్‌లో కబురు పోయింది. ఒక్క కంపెనీ సైనికులే ఆ ట్యాంకులకు ఎదురు నిలిచి తెల్లారేదాకా పోస్టు కాపాడుకున్నారు. తెల్లారాక మన వాయుసేన హంటర్ విమానాలు మిగతా పని చూసుకున్నాయి. ఇక్కడ విన్న మనిషికీ నిర్ణయించే మనిషికీ మధ్య ఒక్క వైర్‌లెస్ సెట్ దూరం, అంతే.

శ్రీహరికోట నుంచి వదిలే ఉపగ్రహాలు దీనికి పనికొస్తాయా?

వస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు సొంత ఊరి ప్రశ్న. 2001 అక్టోబరు 22న వెళ్లిన టీఈఎస్ ఉపగ్రహం మీటరు సైజు వస్తువును గుర్తించగల ఫొటోలు తీసింది. మామూలు కెమెరాకు మేఘం అడ్డొస్తుంది, చీకటి అడ్డొస్తుంది. ముంబై దాడుల తర్వాత 2009 ఏప్రిల్ 20న పంపిన రీశాట్-2లో రాడార్ ఉంది, దానికి రెండూ అడ్డు కావు. 2019 ఏప్రిల్ 1న వెళ్లిన ఎమిశాట్ ఫొటోలు తీయదు, విద్యుదయస్కాంత తరంగాలను కొలుస్తుంది. ఇస్రో ప్రకటనలో చెప్పింది అంతే. దానివల్ల శత్రువు రాడార్లు ఎక్కడున్నాయో తెలుస్తుందని రక్షణ విషయాలు రాసేవాళ్లందరూ అంటారు.

మరి ఇన్ని ఉన్నాక మనుషులెందుకు?

ఉపగ్రహం వచ్చే వేళ తెలుసుకుని దాక్కోవచ్చు. చెక్కతో ట్యాంకు బొమ్మ చేసి ఎండలో పెట్టొచ్చు. ఫొటోలో వంద లారీలు కనిపిస్తాయి, అవి ఎందుకొచ్చాయో కనిపించదు.

ఇజ్రాయెల్ అనుభవం ఈ ప్రశ్నకు పెద్ద జవాబు. 1973 అక్టోబరు మొదటి రోజుల్లో వాళ్ల దక్షిణ కమాండ్‌లో సిమాన్‌తోవ్ అనే లెఫ్టినెంట్, ఈజిప్టు చేస్తున్నది విన్యాసాలు కాదు, యుద్ధానికి ముసుగు అని రెండుసార్లు రాసిచ్చాడు. పై అధికారి దాన్ని పైకి పంపలేదు. అక్టోబరు 6న యుద్ధం వచ్చింది. 2000లో వాళ్లు భూసైన్యంలో ఫీల్డ్ ఇంటెలిజెన్స్‌కు ప్రత్యేకంగా ఒక కోర్ పెట్టుకున్నారు. కెమెరాలు, సెన్సర్లు, బెలూన్లు అన్నీ సమకూర్చుకున్నారు. గాజా సరిహద్దు తెరల ముందు కూర్చునే పని ఎక్కువగా పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల అమ్మాయిలది. హమాస్ వాళ్లు కంచె దగ్గర ఏవో సాధన చేస్తున్నారని నెలల తరబడి చెప్పామని, ఎవరూ పట్టించుకోలేదని బతికి బయటపడ్డవాళ్లు తర్వాత చెప్పారు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడి చేసినప్పుడు నహల్ ఓజ్ స్థావరంలో ఆ అమ్మాయిల్లో చాలామంది చనిపోయారు. దాడికి ముందు ఆ నెలలన్నీ కెమెరాలు పనిచేశాయి. చూసినవాళ్లు చిన్నవాళ్లు, వినాల్సినవాళ్లు పెద్దవాళ్లు. స్టువర్ట్ దొరగారు మళ్లీ గుర్తొస్తారు.

మావాడికి ఈ కోర్‌లో చేరాలని ఉంది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది?

'గూఢచారి కావలెను' అని నోటిఫికేషన్ రాదు. ముందు సైన్యంలో చేరాలి. జవానుగా అయితే అగ్నివీర్ దారి: ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ర్యాలీ. మన రెండు జిల్లాలూ గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు కిందికి వస్తాయి. ఆఫీసర్‌గా అయితే ఇంటర్‌తో ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష, డిగ్రీతో సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉంటే రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు వెళ్లే ప్రత్యేక ప్రవేశం ఉంది, శిక్షణ మనకు దగ్గర్లోని చెన్నైలోనే. ఏ దళానికి పోతారన్నది శిక్షణ చివర్లో మెరిట్, ఇష్టం, ఖాళీలను బట్టి తేలుతుంది. పిల్లలను చిన్నప్పుడే చేర్పించాలనుకుంటే పాత చిత్తూరు జిల్లాలోని కలికిరిలో సైనిక్ స్కూల్ ఉంది.

డిగ్రీలో లెక్కలున్నవాళ్లు హవల్దార్ సర్వేయర్ కార్టోగ్రాఫర్ పోస్టులు కూడా చూడండి. అది ఇంజనీర్ల దళంలో ఉంటుంది, కానీ మ్యాపులు లేని ఇంటెలిజెన్స్ లేదు. ఎన్‌సీసీలో మ్యాప్ రీడింగ్ క్లాసును బోర్ అని ఎగ్గొట్టే పిల్లలకు నేను పదేపదే చెప్పేది అదే. భాష నేర్చుకోవడం ఇంకా మంచిది. తమిళం, కన్నడం వింటూ పెరిగిన మన కుప్పం, పలమనేరు పిల్లలకు చెవి ముందే అలవాటు పడి ఉంటుంది.

అమ్మాయిలను తీసుకుంటారా?

తీసుకుంటారు. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు తీర్పు, ఆ ఏడాది జులైలో రక్షణశాఖ ఉత్తర్వు వచ్చాక పది విభాగాల్లో మహిళా ఆఫీసర్లకు పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా కొనసాగే ఉద్యోగం) వచ్చింది. వాటిలో ఇంటెలిజెన్స్ కోర్ ఒకటి.

"మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో డైరెక్ట్ పోస్టింగ్, రెండు లక్షలు కడితే చాలు" అని ఒకాయన అంటున్నాడు. నమ్మొచ్చా?

వద్దు. ఇలా డబ్బు తీసుకుని పోస్టింగ్ ఇచ్చే దారి సైన్యంలో లేదు. మిలిటరీ ఇంటెలిజెన్స్ యూనిట్లు పోలీసులతో కలిసి పట్టుకునే కేసుల్లో ఇలాంటి నకిలీ భర్తీ ముఠాలవి చాలా ఉంటాయి. ఆయన ఐడీ కార్డు చూపించినా, యూనిఫాంలో ఫొటో పంపినా ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పండి.

మా అబ్బాయి సరిహద్దులో ఉన్నాడు. వాడు పంపిన ఫొటో స్టేటస్ పెడితే కోప్పడ్డాడు. అంత తప్పా?

వాడు చెప్పిందే సరి. స్ట్రావా అనే పరుగుల యాప్ దాన్ని వాడేవాళ్లు తిరిగిన దారులతో 2017 నవంబరులో ప్రపంచపటం విడుదల చేస్తే, పొద్దున్నే జాగింగ్ చేసే సైనికుల దారుల వల్ల ఎడారుల్లోని స్థావరాల ఆకారాలు 2018 జనవరిలో బయటపడ్డాయి. 2023 మొదటి రోజున రష్యా ఆక్రమణలో ఉన్న తూర్పు ఉక్రెయిన్ పట్టణం మకీవ్కాలో ఉక్రెయిన్ రాకెట్లు రష్యా సైనికుల బసను కూల్చాయి. 89 మంది చనిపోయారని, వాళ్లు ఫోన్లు వాడటం వల్లే ఆ చోటు తెలిసిపోయిందని రష్యా సైన్యమే ప్రకటించింది. మన ఆర్మీ 2020 జులైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లు తీసేయమని సైనికులకు చెప్పింది.

ఫొటోలో వెనక కొండ, భుజం మీద బ్యాడ్జి, బండి నంబరు ఉంటే చాలు. "మావాడి బెటాలియన్ మారుతోంది, ఫలానా తేదీన ట్రైన్" అని బంధువుల గ్రూపులో పెట్టే మెసేజ్ కూడా అంతే. ముక్కలు కలిపేవాళ్లు అవతల కూడా ఉంటారు. తెలియని అమ్మాయి పేరుతో ఫ్రెండ్ రిక్వెస్ట్ వచ్చి, రెండో రోజే "మీ అన్నయ్య ఎక్కడ డ్యూటీ?" అని అడిగితే బ్లాక్ చేసి, ఆ స్క్రీన్‌షాట్ మీ అబ్బాయికి పంపండి. ఎవరికి చెప్పాలో వాడి యూనిట్‌కు తెలుసు.